నీ సొగసుకు సాటి లేదు తల్లీ

అమెరికా ఉదారవాదమా, నిన్ను పొగడాలని కూర్చున్నాను. ఈ పొగడ్తలో ఒక్క అబద్ధమూ ఉండదు, ఉండాల్సిన అవసరమూ లేదు. గోల్కొండ చెరసాలలో రామదాసు తన రాముడికి చేయించిన నగలను పేరుపేరునా చెప్పి, దేనికెంత అయిందో లెక్క చెప్పి మరీ నిలదీశాడు. పరాయి దేవుణ్ని ఎవరూ అలా అడగరు. నువ్వు మాకు పరాయిదానివి కాదు. 1965 అక్టోబర్ 3న న్యూయార్క్ రేవులో, స్వేచ్ఛా ప్రతిమ పాదాల దగ్గర లిండన్ జాన్సన్ సంతకం పెట్టిన వలస చట్టం నీ చేతి చలవే. అంతకుముందు భారతదేశం మొత్తానికి ఏడాదికి వంద మంది కోటా ఉండేది. గుంటూరులోనో వరంగల్‌లోనో వైద్యం చదివినవాళ్లు డెట్రాయిట్ ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేశారంటే, వాళ్ల వెనక ఇంజనీర్లు, వాళ్ల వెనక అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు వెళ్లారంటే, ఆ తలుపు తీసింది నువ్వే. ఆ రుణం ఉంది కాబట్టే ఈ స్తుతి.

ముందుగా నీ వేదికలను పొగుడుతాను. 2008 ఆగస్టు 28 రాత్రి డెన్వర్ స్టేడియంలో ఎనభై వేల మందికి పైగా జనం ముందు బరాక్ ఒబామా నీ డెమోక్రటిక్ పార్టీ అభ్యర్థిత్వాన్ని స్వీకరించారు. ఆయన వెనక గ్రీకు ఆలయాన్ని తలపించే స్తంభాలు నిలబెట్టారు. పేరులోని మొదటి అక్షరాన్నే ఉదయిస్తున్న సూర్యుడిగా మలిచి చిహ్నం చేశారు. షెపర్డ్ ఫెయిరీ గీసిన పోస్టరు మీద ఒకటే మాట: హోప్. దేని మీద ఆశ పెట్టుకోవాలో చెప్పలేదు. ఇల్లు పోతుందని భయపడుతున్నవాడు ఇంటి మీద, కొడుకు ఇరాక్‌లో ఉన్న తల్లి కొడుకు మీద, ఎవరి ఆశను వాళ్లు అందులో చూసుకున్నారు. ఒక్క మాటతో కోట్ల గుండెలను కదిలించిన పోస్టరు ఆ దేశ చరిత్రలో అరుదు. ఆ అక్టోబర్‌లో, ఇంకా పోలింగే జరగకముందు, అమెరికా ప్రకటనల రంగంవాళ్లు ఓట్లేసి ఎంచుకోగా ‘అడ్వర్టైజింగ్ ఏజ్’ పత్రిక ఆ ఏటి మేటి మార్కెటర్ బిరుదును ఒబామా ప్రచారానికి ఇచ్చింది. ఆపిల్ కంపెనీ వెనకబడింది. సరుకు అమ్మడమే వృత్తిగా బతికేవాళ్లు నీకు పట్టం కట్టారు. దేశాధ్యక్ష ఎన్నికల ప్రచారానికి అలాంటి గౌరవం ఊరికే రాదు.

ఆ ప్రచారంలో ఒక మాట నాకు బాగా నచ్చింది. 2007 నవంబర్‌లో సౌత్ కరోలినాలోని స్పార్టన్‌బర్గ్‌లో ఒబామా ఇచ్చిన మాట అది. తాను అధ్యక్షుడిగా ఉండగా కార్మికులకు సంఘం పెట్టుకునే హక్కునూ సమష్టిగా బేరమాడే హక్కునూ ఎవరైనా కాదంటే, నడకకు అనువైన బూట్లు తొడుక్కుని తానే వచ్చి వాళ్ల పక్కన నడుస్తానన్నారు. ఎంత చక్కని మాట! బూట్లు కళ్లకు కడతాయి, అధ్యక్షుడు రోడ్డు మీద నడవడం కళ్లకు కడుతుంది. 2011 ఫిబ్రవరిలో విస్కాన్సిన్ గవర్నర్ స్కాట్ వాకర్ సరిగ్గా ఆ హక్కునే ప్రభుత్వోద్యోగుల నుంచి లాక్కునే బిల్లు పెట్టారు. మాడిసన్‌లో మంచు కురుస్తుంటే టీచర్లు, నర్సులు, పారిశుధ్య కార్మికులు వేలకు వేలు శాసనసభ భవనాన్ని చుట్టుముట్టారు. లోపల పాలరాతి నేల మీద పడుకున్నారు. అధ్యక్షుడి బూట్లు మాత్రం మాడిసన్‌కు రాలేదు. బిల్లు చట్టమైంది.

సంఘాలు పెట్టుకోవడాన్ని తేలిక చేసే బిల్లు 2009లో, సెనేట్‌లో నీకు అరవై ఓట్ల దాకా ఉన్న ఏడాదిలోనే, ఓటింగ్‌కు రాకుండా పోయింది. బ్యాంకులు నిలబడ్డాయి, లక్షల ఇళ్లు వేలానికి వెళ్లాయి. ఇళ్లు పోకుండా ముప్పై, నలభై లక్షల మందిని కాపాడతామని తెచ్చిన పథకం ఆ అంకెకు చాలా దూరంలోనే ఆగింది. ఆరోగ్య బీమా చట్టం దాదాపు రెండు కోట్ల మందికి బీమా ఇచ్చింది. అది నిజమైన పని, దానికి చేతులెత్తి మొక్కుతాను. కానీ అందులోనూ ప్రభుత్వమే నడిపే బీమా పథకాన్ని నువ్వే వదిలేశావు. 2010 మధ్యంతర ఎన్నికల్లో ప్రతినిధుల సభలో 63 సీట్లు పోయాయి.

సొగసు నీకు కొత్త కాదు, అది తప్పూ కాదు. 1933 మార్చి 12 రాత్రి ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ రేడియోలో మాట్లాడినప్పుడు ఆ గొంతు కన్నా గొప్ప అలంకారం ఆ దేశంలో లేదు. కానీ ఆయన మాట్లాడింది బ్యాంకుల గురించి. మీరు డిపాజిట్ చేసిన డబ్బును బ్యాంకు ఏం చేస్తుంది, అందరూ ఒకేసారి వచ్చి అడిగితే ఎందుకు ఇవ్వలేదు, రేపటి నుంచి ఏ వరసలో బ్యాంకులు తెరుస్తాం అన్నది పొలం పనివాడికీ బోధపడేలా చెప్పారు. మర్నాడు బ్యాంకులు తెరిస్తే జనం దాచుకున్న డబ్బు తిరిగి తెచ్చి వేశారు. రెండేళ్లకు సామాజిక భద్రత చట్టం వచ్చింది. ఆ ఏడాదే కార్మిక సంఘాలకు హక్కునిచ్చిన వాగ్నర్ చట్టం వచ్చింది. 1938లో గంటకు 25 సెంట్ల కనీస వేతనం వచ్చింది. ఆ గొంతు మీద ఇంత బరువు ఉండేది.

నీ కథలో కెనెడీ దగ్గర అందరూ ఆగుతారు. 1960 సెప్టెంబర్ 26న షికాగో టీవీ స్టూడియోలో జరిగిన ఎన్నికల చర్చలో ఎండకు నిగారించిన ముఖంతో ఆయన, ఆస్పత్రి నుంచి కొత్తగా లేచి వచ్చి పాలిపోయి చెమటలు కారుస్తున్న నిక్సన్ పక్కపక్కన కనిపించారు. కెమెరా ఎవరి పక్షమో దేశమంతా చూసింది. అయితే కెనెడీ పంపిన పౌరహక్కుల బిల్లు ఆయన పోయేనాటికి కాంగ్రెస్‌లో చిక్కుకునే ఉంది. దాన్ని గట్టెక్కించిన జాన్సన్‌కు టీవీ ఎన్నడూ అచ్చి రాలేదు. కడుపు మీది ఆపరేషన్ మచ్చను చొక్కా ఎత్తి విలేఖరులకు చూపించిన మోటు మనిషి ఆయన. కానీ దక్షిణ టెక్సాస్‌లోని కొటుల్లాలో మెక్సికన్ పిల్లలకు పాఠం చెప్పినప్పుడు వాళ్లు పొద్దున ఏమీ తినకుండా బడికి రావడం చూసినవాడు, అది మరవనివాడు. 1964 పౌరహక్కుల చట్టం, 1965 ఓటుహక్కు చట్టం, మెడికేర్, మెడికెయిడ్, మాకు తలుపు తెరిచిన ఆ వలస చట్టం, అన్నీ ఆ చేతి మీదుగానే వచ్చాయి. వియత్నాం కూడా ఆ చేతిదే. ఆ రక్తాన్ని ఏ చట్టమూ కడగదు. అయినా ఒక్కటి చెప్పాలి: నీవాళ్లు గోడ మీద కెనెడీ పటం పెట్టుకున్నారు. తర్వాతి అరవై ఏళ్లు నువ్వు వెతికింది ఆ పటంలోని ముఖం కోసమే.

ఆ వెతుకులాటలో నీకు సొంత మాట కూడా లేకుండా పోయిన రోజులున్నాయి. 1984 మార్చిలో వాల్టర్ మాండేల్ తన పోటీదారు గ్యారీ హార్ట్‌ను ‘నీ కొత్త ఆలోచనల్లో సరుకేది’ అని అడగడానికి ఒక హాంబర్గర్ ప్రకటనలోని మాటను అరువు తెచ్చుకున్నారు. హాలు నవ్వింది, అభ్యర్థిత్వం దక్కింది. తర్వాత పన్నులు పెంచక తప్పదని ఆయన ఉన్నదున్నట్టు చెప్పి 49 రాష్ట్రాల్లో ఓడిపోయారు. ఆ ఓటమి నుంచి నువ్వు నేర్చుకున్నది, నిజం చెప్పకూడదని. 1988లో మైకేల్ డుకాకిస్ ఈ ఎన్నిక సిద్ధాంతం గురించి కాదు, సమర్థత గురించి అన్నారు. అవతలివాళ్లు నీ పేరునే తిట్టుగా వాడుతుంటే, ‘అవును, నేను ఉదారవాదినే’ అని ఆయన నోరు తెరిచి చెప్పేసరికి పోలింగ్‌కు పట్టుమని పది రోజులు కూడా లేవు.

బిల్ క్లింటన్ 1992లో నల్ల కళ్లద్దాలు పెట్టుకుని టీవీలో శాక్సోఫోన్ వాయించారు. బాగానే వాయించారు. ఎదుటివాడి బాధ తన బాధే అన్నట్టు కళ్లలోకి చూసి వినే విద్యలో ఆయనకు సాటి ఎవరూ లేరు. 1993లో నాఫ్టా ఒప్పందానికి ప్రతినిధుల సభలో నీ పార్టీ సభ్యులే 156 మంది అడ్డం చెప్పినా రిపబ్లికన్ల ఓట్లతో గట్టెక్కించుకున్నారు. ఒహాయో, మిషిగన్ ఫ్యాక్టరీల వాళ్లు దాన్ని మరచిపోలేదు. 1996లో పేద తల్లులకు రూజ్వెల్ట్ కాలం నుంచి ఉన్న భరోసాను రద్దు చేసే చట్టం, 1999లో రూజ్వెల్ట్ బ్యాంకుల మధ్య కట్టిన గోడను తీసేసే చట్టం, రెండింటి మీదా ఆయన సంతకమే ఉంది. రూజ్వెల్ట్ వారసత్వాన్ని ఆయన పార్టీ నాయకుడి కలంతోనే చెరపడం రిపబ్లికన్లకు చేతకాని పని. నువ్వు చేసి చూపించావు.

అలా 2016కు వచ్చాం. పశ్చిమ పెన్సిల్వేనియాలో ఒక కార్మిక ఓటరు పోతే ఫిలడెల్ఫియా శివార్లలో ఇద్దరు మధ్యేవాద రిపబ్లికన్లు వస్తారని ఆ జూలైలో సెనేటర్ చక్ షూమర్ లెక్క చెప్పారు. లెక్క అందంగా ఉంది. హిల్లరీ క్లింటన్ ప్రచార చిహ్నమూ అందంగా ఉంది, ముందుకు చూపే బాణంతో. పోలింగ్‌కు నాలుగు రోజుల ముందు క్లీవ్‌లాండ్‌లో జే-జీ, బియాన్సే పాడారు. ఒహాయో ఎనిమిది పాయింట్ల తేడాతో పోయింది. అయిదేళ్ల కిందట బూట్ల కోసం ఎదురుచూసిన విస్కాన్సిన్‌కు అభ్యర్థి, పార్టీ టికెట్ ఖరారయ్యాక, ఒక్కసారి కూడా వెళ్లలేదు. అక్కడ 22,748 ఓట్లు, మిషిగన్‌లో 10,704, పెన్సిల్వేనియాలో 44,292. మూడూ కలిపితే 78 వేలు కూడా లేవు. దేశం మొత్తం మీద 28 లక్షలకు పైగా ఎక్కువ ఓట్లు తెచ్చుకుని అధికారం పోగొట్టుకున్నావు.

నీ సంతాపాన్ని కూడా పొగడాలి. 2020 మే 25న మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద పోలీసు మోకాలు పెట్టి ప్రాణం తీశాడు. జూన్ 8న నాన్సీ పెలోసీ, షూమర్, మరికొందరు నేతలు ఘానా దేశపు కెంటె కండువాలు మెడలో వేసుకుని పార్లమెంటు భవనంలో 8 నిమిషాల 46 సెకన్లు మోకాళ్ల మీద కూర్చున్నారు. ఎనభై ఏళ్ల పెలోసీకి ఆ వయసులో అది సులువు కాదు. ఆ శ్రమను నేను తేలిక చేయను. ఆ వారం వాళ్లు పెట్టిన పోలీసు సంస్కరణల బిల్లు ప్రతినిధుల సభలో గెలిచింది. మరుసటేడు, రెండు సభలూ అధ్యక్ష పదవీ నీ చేతికొచ్చాక, మళ్లీ గెలిచింది. సెనేట్‌లో మాత్రం అరవై ఓట్ల నియమం ముందు చతికిలబడింది. ఆ నియమం రాజ్యాంగంలో లేదు, సెనేట్ తనకు తాను పెట్టుకున్నది. దాన్ని మార్చడానికి నీ యాభై మంది ఒక్క మాట మీద నిలబడలేదు. మోకాళ్ల మీద కూర్చున్నంత సులువుగా ఓటింగ్‌లో నిలబడలేకపోయారు.

శాన్‌ఫ్రాన్సిస్కో బడుల కథ కూడా ఇక్కడిదే. 2021 జనవరిలో, కొవిడ్ వల్ల ప్రభుత్వ బడుల తలుపులు మూసి ఉన్నప్పుడు, విద్యా బోర్డు కూర్చుని 44 బడుల పేర్లు మార్చాలని తీర్మానించింది. అబ్రహాం లింకన్ పేరూ ఆ జాబితాలో ఉంది. చరిత్రలోని అన్యాయాలను గుర్తించాలన్న పట్టుదల మంచిదే. కానీ తల్లిదండ్రులు అడిగింది బడి ఎప్పుడు తెరుస్తారని. తీర్మానాన్ని వెనక్కి తీసుకున్నా కోపం చల్లారలేదు, ఏడాది తిరిగాక ఆ ఊరి ఓటర్లు ముగ్గురు బోర్డు సభ్యులను పదవి నుంచి దింపేశారు. ఆ ఊరు నీ కంచుకోట. కాలిఫోర్నియాలో ఇళ్ల ముందు పచ్చిక మీద అందరికీ స్వాగతం అని రంగురంగుల బోర్డులు ఉంటాయి. 2020 జనవరిలో రైలు, బస్సు మార్గాల దగ్గర అపార్టుమెంట్లు కట్టనిచ్చే బిల్లు రాష్ట్ర సెనేట్‌లో ఓడింది. ఆ సెనేట్‌లో మూడింట రెండొంతుల మందికి పైగా నీవాళ్లే. స్వాగతం పలికిన వీధిలో అద్దె కట్టగల టీచరు లేదు, నర్సు లేదు, ఆ ఇళ్లలో గిన్నెలు కడిగే మనిషి రెండు గంటలు బస్సులో వస్తుంది.

ఇప్పుడు నా స్తుతిలో అసలు ఘట్టం. 2021 మార్చిలో జో బైడెన్ సంతకం చేసిన చట్టం పిల్లలున్న కుటుంబాలకు నెలనెలా డబ్బు పంపింది. ఆరేళ్లలోపు బిడ్డకు నెలకు 300 డాలర్ల దాకా, అంతకు పెద్ద పిల్లలకు 250 దాకా. జూలై నుంచి డిసెంబర్ వరకు, ఆరు నెలలు. ఆ డబ్బుతో అద్దె బాకీలు తీరాయి, బిడ్డకు బూట్లు వచ్చాయి, ఫ్రిజ్‌లోకి పాలు వచ్చాయి. ప్రభుత్వ సాయాలను కూడా లెక్కలోకి తీసుకునే కొలమానం ప్రకారం అమెరికాలో పిల్లల పేదరికం 2021లో 5.2 శాతానికి దిగింది. ఆ లెక్కలు కట్టడం మొదలైన నాటి నుంచి అంత తక్కువ ఎన్నడూ లేదు. రూజ్వెల్ట్, జాన్సన్‌ల పక్కన పెట్టదగ్గ పని. నువ్వు ఏం చేయగలవో లోకానికి ఆ ఆరు నెలల్లో చూపించావు.

ఆ డబ్బు బ్యాంకు ఖాతాలో ఏ పేరుతో పడిందో తెలుసా? చైల్డ్‌సీటీసీ అని, సంస్థ గుమాస్తా రాసినట్టు, అక్షరాల గుత్తి. ఎవరు పంపారో, ఎందుకు పంపారో, ఎవరు అడ్డం తిరిగితే ఆగిపోతుందో అందులో లేదు. ఏడాది ముందు ట్రంప్ కొవిడ్ సాయం చెక్కుల మీద తన పేరు అచ్చు వేయించుకున్నారు. తమ చెక్కుల మీద అలాంటిదేమీ ఉండదని బైడెన్ యంత్రాంగం మర్యాదగా చెప్పింది. స్టేడియంలో స్తంభాలు నిలబెట్టిన నువ్వు, తల్లి చేతికి డబ్బు అందించిన రోజున అంత ఆర్భాటం చేయలేదు. 2021 డిసెంబర్ 19న వెస్ట్ వర్జీనియా సెనేటర్ జో మాంచిన్, నీ పార్టీ మనిషే, టీవీలో కూర్చుని ఇక కుదరదన్నారు. జనవరిలో డబ్బు రాలేదు. 2022లో పిల్లల పేదరికం 12.4 శాతానికి ఎగబాకింది. ఒక్క ఏడాదిలో రెట్టింపును మించిపోయింది. నీ పాలనలోనే, నీ మెజారిటీలోనే. నిన్ను నిందించడానికి నాకు ఇంకో అంకె అవసరం లేదు.

బైడెన్‌కు ఇంకా కొంత మర్యాద బాకీ ఉంది. మాట తడబడే ఆ మనిషే 2023 సెప్టెంబర్‌లో మిషిగన్ వెళ్లి సమ్మె చేస్తున్న కార్ల కార్మికుల పక్కన నిలబడ్డారు. పదవిలో ఉండగా ఆ పని చేసిన తొలి అధ్యక్షుడు ఆయనే. మెడికేర్‌లో ఉన్న ముసలివాళ్లకు ఇన్సులిన్ ధరను నెలకు 35 డాలర్లకు మించనివ్వని చట్టమూ ఆయనదే. కానీ ఆయన వయసు గురించి జనం ఏళ్ల తరబడి అడుగుతుంటే, 2024 జూన్ 27న అట్లాంటా చర్చలో కళ్లారా చూసేదాకా నీ పెద్దలు అంతా బాగానే ఉందన్నారు. ఇక కనీస వేతనం సంగతి. 2009 జూలై నుంచి కేంద్ర స్థాయిలో గంటకు ఏడు డాలర్ల 25 సెంట్లు. దాన్ని 15 చేద్దామని 2021 మార్చిలో బెర్నీ శాండర్స్ సవరణ పెడితే నీ పక్షంలోని ఎనిమిది మంది వ్యతిరేకంగా వేశారు. అరిజోనా సెనేటర్ కిర్స్‌టన్ సినెమా చిన్నగా వంగి లేస్తూ బొటనవేలు కిందికి చూపించిన వీడియోను దేశమంతా చూసింది. గదులు తుడిచే మనిషి కూలి పెంచొద్దని చెప్పడానికి కూడా అంత నాజూకు కావాలా?

2024 వేసవిలో నీ వైభవం పతాక స్థాయికి చేరింది. బైడెన్ తప్పుకుని కమలా హారిస్ అభ్యర్థి కాగానే ఒక పాప్ గాయని ఒక్క పొగడ్త రాస్తే, ప్రచార ఖాతా రాత్రికి రాత్రి ఆ గాయని ఆల్బమ్ అట్ట మీది లేత ఆకుపచ్చ రంగులోకి మారిపోయింది. షికాగో మహాసభలో రాష్ట్రాల ఓట్లు చెబుతుంటే డీజే ప్రతి రాష్ట్రానికీ ఒక పాట వేశారు. అంత సందడైన సభ నా తరం చూడలేదు. మూడు నెలల్లో వంద కోట్ల డాలర్లకు పైగా విరాళాలు వచ్చాయి. గాజా మీద అమెరికా బాంబులు పడుతున్న ఆ రోజుల్లో, జార్జియాకు చెందిన పాలస్తీనా మూలాల శాసనసభ్యురాలు రెండు నిమిషాలు మాట్లాడతానంటే వేదిక మీద సమయం దొరకలేదు. అక్టోబర్‌లో రిపబ్లికన్ మాజీ ఉపాధ్యక్షుడు డిక్ చేనీ కుమార్తెతో కలిసి విస్కాన్సిన్‌లో సభ పెట్టడానికి సమయం దొరికింది. విధానాలు లేవని అనను. తొలి ఇల్లు కొనేవాళ్లకు సాయం, ఇంట్లో ముసలివాళ్ల సంరక్షణకు మెడికేర్, ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. కానీ ధరలతో విసిగిన దేశంలో, బైడెన్ కన్నా భిన్నంగా ఏం చేసేవారని టీవీలో అడిగితే ఏమీ తోచడం లేదన్నారామె. ఆ ఒక్క జవాబును వంద కోట్ల డాలర్లు కప్పలేకపోయాయి.

మాకోసం కూడా ఒక పాట చేయించావు. ‘ఆర్ఆర్ఆర్’లోని ‘నాటు నాటు’ ఉంది చూడు, దాని హిందీ రూపాన్ని హారిస్ కోసం మార్చి, తెలుగుతో సహా మా భాషల్లో ఓటు అడుగుతూ నీ మద్దతుదారులు సెప్టెంబర్‌లో వీడియో వదిలారు. మా పాట మీద నీకున్న ప్రేమకు సంతోషం. అయితే ఎడిసన్‌లోనూ ఫ్రిస్కోలోనూ తెలుగువాళ్లు ఇంట్లో కూర్చుని మాట్లాడుకునేది వేరు. ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి లక్షా నలభై వేలు, ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం మించకూడదు. 1990 నాటి లెక్క ఇది. వీసా మీద పదిహేనేళ్లు పన్నులు కట్టిన ఇంట్లో, అక్కడే ఒకటో తరగతి నుంచి చదివిన బిడ్డకు 21 నిండితే తల్లిదండ్రుల దరఖాస్తు నీడ తొలగిపోతుంది. దేశానికి ఏడు శాతమన్న ఆ పరిమితిని ఎత్తేసే బిల్లు 2022 డిసెంబర్‌లో ప్రతినిధుల సభ దాకా వచ్చి, సభ నీ చేతిలో ఉండగానే, ఓటింగ్ జరగకుండా వెనక్కి పోయింది. పాటకు కావాల్సింది స్టూడియో, బిల్లుకు కావాల్సింది ఓట్లు. నీ దగ్గర రెండూ ఉన్న రోజున నువ్వు ఓట్లను వాడలేదు.

ఆ నవంబర్ ఎన్నికల్లో ఏడు కీలక రాష్ట్రాలూ పోయాయి. టెక్సాస్ సరిహద్దులో స్టార్ కౌంటీ ఉంది, దాదాపు అందరూ మెక్సికన్ మూలాలవాళ్లే. 1892 తర్వాత అక్కడ అధ్యక్ష ఎన్నికల్లో రిపబ్లికన్ గెలవలేదు. 2024లో గెలిచాడు. జాన్సన్ పాఠం చెప్పిన పిల్లల్లాంటి వాళ్ల మనవలు ఉండే సీమ అది.

ఓడాక కూడా నీ సొగసు తగ్గలేదు. 2025 మార్చి 4న ట్రంప్ కాంగ్రెస్‌లో ప్రసంగిస్తుంటే నీ సభ్యురాళ్లు గులాబి దుస్తుల్లో వచ్చారు. కొందరు గుండ్రటి చిన్న పలకలు ఎత్తి పట్టుకున్నారు. కొన్నింటి మీద ‘మెడికెయిడ్‌ను కాపాడండి’ అని ఉంది. కర్ర ఊపుతూ లేచి అరిచిన డెబ్బై ఏడేళ్ల ఆల్ గ్రీన్‌ను బయటికి పంపారు. రెండు రోజుల తర్వాత ఆయన్ను అభిశంసిస్తే నీవాళ్లే పది మంది చేతులు కలిపారు. మరో వారానికి ట్రంప్ పక్షం బడ్జెట్‌కు దారి వదిలినవాళ్లలో షూమర్ ముందున్నారు. ఆ నెలాఖరున కోరీ బుకర్ సెనేట్‌లో 25 గంటలు ఏకబిగిన నిలబడి మాట్లాడారు. 1957లో పౌరహక్కుల బిల్లుకు అడ్డం తిరిగి స్ట్రామ్ థర్మండ్ నెలకొల్పిన రికార్డును ఒక నల్లజాతి సెనేటర్ తుడిచేశారు. ఆ ఓపికకు నా నమస్కారం నిండు మనసుతో చేస్తున్నాను. ఆయన కూర్చోగానే సెనేట్ ట్రంప్ చేసిన ఒక నియామకాన్ని ఆమోదించే పని అందుకుంది. జూలై 4న మెడికెయిడ్‌కు భారీగా కోత పెట్టిన చట్టం వచ్చింది. దాని వల్ల కోటి మంది బీమా పోగొట్టుకుంటారని కాంగ్రెస్ సొంత బడ్జెట్ కార్యాలయమే అంచనా వేసింది. నీవాళ్లందరూ వ్యతిరేకంగానే ఓటేశారు. కానీ అప్పటికి ఓట్లు చాలవు, ఎందుకు చాలవో పైన ఇంతసేపూ చెప్పింది అదే.

ఇదంతా ఓటర్ల మూర్ఖత్వమని నీ పెద్దల్లో కొందరు గొణుగుతారు. ఆ గొణుగుడును నేను నమ్మను. 2020లో ఫ్లోరిడా ట్రంప్‌ను గెలిపించింది, ఆ బ్యాలెట్ మీదే 15 డాలర్ల కనీస వేతనాన్ని 60 శాతానికి పైగా ఓట్లతో గెలిపించింది. 2025లో న్యూయార్క్‌లో మేయర్ పదవికి పోటీపడ్డ జోహ్రాన్ మమ్దానీ వీడియోలు నీ వీడియోలన్నింటి కన్నా సొగసైనవి. కానీ వాటిలో ఆయన చెప్పింది అద్దె పెంచనివ్వను, బస్సు ఉచితం, బిడ్డల సంరక్షణ ఉచితం అని. ప్రతి వీడియోలో అదే పాట. జూన్‌లో ఆయన పార్టీ టికెట్ గెలిస్తే, అదే నగరానికి చెందిన నీ ప్రతినిధుల సభ నాయకుడు మద్దతు ప్రకటించడానికి అక్టోబర్ చివరి దాకా ఆగారు. సెనేట్ నాయకుడు ఆ మాట బయటకే అనలేదు. నవంబర్‌లో ఆయన మేయరుగా గెలిచారు.

నాకు న్యూయార్క్ కన్నా మిస్సోరీ గురించి బెంగ ఎక్కువ. హ్యారీ ట్రూమన్ పుట్టిన రాష్ట్రం. 1965 జూలై 30న మెడికేర్ చట్టం మీద సంతకం జరిగింది అక్కడే, ఇండిపెండెన్స్ ఊళ్లో. జాన్సన్ వాషింగ్టన్ నుంచి వెళ్లి ముసలి ట్రూమన్ పక్కన కూర్చుని చేశారు. 2024 నవంబర్‌లో ఆ రాష్ట్రం ట్రంప్‌కు 58 శాతానికి పైగా ఓట్లేసింది. అదే రోజు, అదే కాగితం మీద, కనీస వేతనం 15 డాలర్లు, జబ్బు చేస్తే జీతంతో సెలవు అన్న ప్రతిపాదనకు కూడా దాదాపు 58 శాతం ఓట్లేసింది. మరుసటేడు జూలైలో రిపబ్లికన్ గవర్నర్ ఆ సెలవు హక్కును రద్దు చేసే చట్టం మీద సంతకం పెట్టారు. జనం గెలుచుకున్నది జనం చేతిలోంచి లాక్కున్నారు. ఆ రాష్ట్రంలో జ్వరంతోనే పనికి వెళ్తున్న వంటమనిషి, ఆస్పత్రిలో పక్కబట్టలు మార్చే ఆయా, గిడ్డంగిలో పెట్టెలు మోసే కుర్రాడు, వీళ్లలో సగానికి సగం ట్రంప్‌కు వేసినవాళ్లే అయి ఉంటారు. వాళ్ల దగ్గరికి ఇంకా ఎవరూ వెళ్లలేదనుకో తల్లీ, నువ్వు వెళ్లు. పాట లేకుండా, రంగు లేకుండా, పోయిన ఆ సెలవు చట్టాన్ని చేత్తో పట్టుకుని వెళ్లు.